పదికి రెండు

మోంటెవిడియోలో జూలై, చలి.
హీటరు పక్కన కూర్చుని
ఈ వారం ఆట గురించి రాస్తున్నాను.
ఉచితం అన్నారు. దించుకున్నాను.
పైన పటారం.

గోలీ బంతి వచ్చే వైపు కాక
బంతి వెళ్లిపోయిన వైపు దూకుతాడు.
డిఫెండరు మోచెయ్యి వెనక్కి విరిగినా
అలాగే పరిగెడతాడు, ముఖంలో నొప్పి లేదు.
వానలో ఎవరి జెర్సీ తడవదు.
నిన్న తమ్ముడి కూతురు నెరేయా, పదకొండేళ్లది,
రెండు మ్యాచ్‌లు ఆడి ఫోను తిరిగిచ్చేసింది:
"ఇందులో ఎవరికీ ఆయాసం రాదేం?"
నా వ్యాసం నిజానికి అక్కడే అయిపోయింది;
మిగతా ఆరువందల మాటలూ జీతం కోసం.

మంచి స్ట్రైకరు కావాలంటే పెట్టె కొనాలి.
పెట్టెలో ఎవరుంటారో పెట్టెకే తెలుసు.
ఊరికే లోపలికి రానిచ్చి
కుర్చీకి, గ్లాసుకి, ఫ్యాను గాలికి
బిల్లు రాసే హోటలు.

పదికి రెండు వేశాను. పంపేశాను.

మూడో వరసలో జనం అందరిదీ ఒకటే ముఖం,
బద్ధకపు పని, ఆ మాటా తిట్టి రాశాను.
రాయనిది: ఆ ముఖం ఎల్బియోది.
స్టేడియం మెట్లమీద వేయించిన వేరుశనక్కాయలు అమ్మేవాడు,
గోలు పడితే చిల్లర లెక్క తప్పేవాడు,
రెండేళ్లుగా లేడు.
అదే ముక్కు. ఎప్పుడూ కాస్త లేచే ఉండే
అదే కుడి కనుబొమ.
నలభై మంది ఎల్బియోలు
ఒకేసారి చప్పట్లు.

కెమెరా జనం వైపు తిప్పాలంటే
మూడువందల నాణేలట.

కార్డు నంబరు కొట్టాను.
స్కోరు ఎంతో చూడలేదు.