ఆనవాలు: చిటికెన వేలు లేదు

ముప్పై ఏళ్ళుగా తాళ్ళరేవు రిజిస్ట్రారాఫీసు ఎదుట
రేకుల పంచన కూర్చుని
ఊరందరి తాతల పేర్లూ రాస్తున్నాను.
హద్దులు రాస్తాను: తూర్పు మడ అడవి, పడమర కాలవ,
ఉత్తరం ఫలానా వారి కొబ్బరితోట.
మా ఇంటి పేరొకటి మాత్రం
ఏ హద్దులోనూ ఇమడలేదు.

"నూకన్న రంగం పోయాడు" అనేది నాయనమ్మ.
ఎప్పుడు, ఏ ఓడ, ఎందుకు అంటే
చేపలు తోముతున్న చెయ్యి ఆగేది కాదు,
మాట ఆగేది.
ఎప్పుడో ఒకసారి తనంతట తానే చెప్పింది:
పడవ చెక్క నునుపు చేస్తుంటే బాడిస జారి
కుర్రాడి కాలివేలు తెగిందని,
వేలు పోయినా చెక్క పాడవలేదని
వాళ్ళ నాన్న మెచ్చుకున్నాడని.

మేస్త్రీగారి మునిమనవడు
అటక మీంచి పద్దుల పెట్టె దించాడు.
చెదలు తిన్నంత తిని వదిలిన గొలుసుకట్టు రాత.
కలం ఎత్తకుండా రాసేవాళ్ళు ఆ రోజుల్లో,
ఒకడి తోక పట్టుకుని ఇంకొకడు
వరసగా ఓడెక్కుతున్నట్టు.
ఈ వీధిలో అది చదవగలిగేది నేనొక్కణ్ణే.
మూడు రాత్రులు చదివాను. నూకన్న లేడు.
ఉన్నదిదీ:

సంగాడి పోలయ్య. ఇరవై రెండేళ్ళు.
బయానా పద్దెనిమిది రూపాయలు.
రంగంలో బియ్యం మిల్లు, బస్తా మోత.
ఆనవాలు: ఎడమ కాలి చిటికెన వేలు లేదు.

పోలయ్య మా ముత్తాత.
సముద్రం దాటలేదు. ఇక్కడే పడవలు కట్టి, ఇక్కడే పోయాడు.
సాయంత్రం రేవు నుంచి వస్తే
కోడలు చెంబుతో కాళ్ళకి నీళ్ళు పోసేది;
పది వేళ్ళ సందుల్లోనూ బురదేనని
విసుక్కునేది నాయనమ్మ, ఆయన పోయాక కూడా.
పది.

లాంతరు కాదు, కరెంటు బల్బే,
అయినా పురుగులు ముసురుకున్నాయి.
బయానా తిన్నది అన్న. ఓడెక్కింది తమ్ముడు.
ముత్తవ్వ నెలలు నిండి ఉందో,
ఓడలు కట్టేవాడికి ఓడంటే భయమో,
లేక తమ్ముడే "నేను పోతాలే" అన్నాడో,
పద్దులో ఆ గడి ఉండదు.
మేస్త్రీ తలలు లెక్కపెట్టుకున్నాడు. సరిపోయాయి.

అక్కణ్ణుంచి ఒక పేరు రెండు చోట్ల బతికింది.
ఒక పోలయ్య గౌతమి పోటు చూసి పడవ నీట దింపుతుంటే
ఇంకో పోలయ్య రంగం రేవులో బస్తా కింద వంగాడు.
మరణాల పుస్తకంలో పోలయ్య
ముప్పై ఆరులో, విషజ్వరంతో, తాళ్ళరేవులో.
కాకినాడలో కాందిశీకుల రిజిస్టరు తిప్పితే
నలభై రెండులో, చనిపోయిన ఆరేళ్ళకి,
కొండలు దాటి కాలినడకన వచ్చాడు పోలయ్య.
బియ్యం రెండు శేర్లు. దుప్పటి ఒకటి.
వెళ్ళవలసిన ఊరు: చెప్పలేదు.

కాకినాడ నుంచి మా ఇంటికి పన్నెండు మైళ్ళు.
రంగం నుంచి నడిచినవాడికి అదొక దూరమా.
వంతెన దాకా వచ్చి
పోలయ్య పోయాడన్న కబురు వినే ఉంటాడు.
అంటే తానే.
ఇంక ఏ పేరు చెప్పి తలుపు కొట్టాలి?

ఇదంతా నా ఊహ. దస్తావేజులో ఊహ రాయకూడదు,
రాస్తే కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టాలి.

నిన్న ఎవరిదో తోట అమ్మకం రాశాను.
ఆఖరి పంక్తి చేతికి అలవాటే, కన్ను చూడదు దాన్ని.
నిన్న చూసింది.
నాకు పేరు పెట్టింది నాయనమ్మ.
అమ్మ వేరే ఏదో అనుకుందట, పడనివ్వలేదట.
ముప్పై ఏళ్ళుగా ప్రతి కాగితం అడుగునా,
సర్కారు ముద్ర కింద, నా చేత్తో నేనే,
వ్రాసినవాడు: సంగాడి నూకన్న.