ఇరవై రెండు మీటర్ల దగ్గర

ఆగస్టులో ఈ సరస్సు ఒక్కటి కాదు.
పైన వెచ్చగా ఒకటి, పిల్లలదీ తెరచాపలదీ.
నలభై ఆరు మీటర్ల కింద
నాలుగు డిగ్రీల చీకటి ఒకటి, ఎవరిదీ కాదు.
నడుమ రెండిటితోనూ మాట కలవని పొరలు.

లూసర్న్‌కు ఉత్తరాన, రెల్లు మొలిచిన ఒడ్డున
కంప్రెసర్ గది. తాళంచెవి రెగులా దగ్గర.
కొండవాలు పొలాల్లోని పందుల పెంట
నలభై ఏళ్ల వానల్లో కరిగి, దిగి
అడుగునీటి ఊపిరి తీసేసింది.
తెల్లచేపల గుడ్లు బురదలో
కన్ను తెరవకముందే నల్లబడేవి.
అందుకే ఈ గొట్టాలు, ఈ రొద.
అడుగున ఆరు పళ్లేలు, పళ్లేల నిండా సూదిబెజ్జాలు,
బెజ్జాల్లోంచి ప్రాణవాయువు.

బుడగ బతుకు క్షణికమని చెప్పినవాళ్లు
దాన్ని మోతకూలీగా ఎప్పుడూ చూసి ఉండరు.
ఒక్కటి ఏం మోస్తుంది? లక్షలు లేస్తే
చలినీటిని చంకనెత్తుకుని
పైకి, ఇంకా పైకి,
పక్కనున్న నీళ్లనూ రమ్మని లాగుతూ
లావవుతూ, మెల్లబడుతూ

"అయితే అడుగునీళ్లు పైకొస్తాయన్నమాట"
అన్నాడు మైన్‌రాడ్. ఈ సరస్సు మీద
చేపల లైసెన్సు మిగిలింది అతనొక్కడికే.
రెగులా నీళ్లు నమిలింది.
"రేపు రంగు వదులుతున్నాం. చూద్దురుగాని."

మంగళవారం పొద్దున పళ్లేల పక్కన
రెండు లీటర్ల రోడమిన్.
మొండి గులాబీ రంగు, చొక్కాకంటితే చొక్కా దానిదే.
మైన్‌రాడ్ పడవ ఆపి, పైపు ఆరిపోయేదాకా
నీటికేసి చూశాడు.
తేలినవి బుడగలు మాత్రమే.
సోడాసీసా మూత తీసినట్టు
చిటపటలాడి పోయాయి, ఉత్తచేతులతో.
సాయంత్రానికీ రంగు లేదు.
"ఆ డబ్బుకు నీళ్లొదులుకోండి" అని
అతను ఇంటికెళ్లిపోయాడు.

రాత్రి రెగులా లెక్కల ముందు కూర్చుంది.
తేలికనీళ్ల మధ్యకు వచ్చేసరికి
చలినీటికి తన బరువు గుర్తొస్తుంది.
బుడగలు ఆగవు. వేళ్ల సందుల్లోంచి జారి
తమ దారిన తాము పోతాయి.
విడిచిపెట్టిన నీరు గొడుగులా విచ్చుకుని
ఆ స్తంభం చుట్టూ కిందికి రాలుతుంది,
పుట్టినచోటికి మాత్రం కాదు.
దారిలో అంటిన వెచ్చదనం కొంత ఉంది కదా,
అడుగు ఇక దాన్ని రానివ్వదు.
తన బరువూ చుట్టూ ఉన్న నీటి బరువూ
ఎక్కడ సరితూగితే అక్కడ ఆగి,
అడ్డంగా, తొందర లేకుండా,
దుప్పటిలా పరుచుకుంటుంది.
పైన బుడగలప్పటికే
వేరే నీటిని భుజానికెత్తుకుని ఉంటాయి.

కాగితం మీద బాగానే ఉంది. సరస్సులోనో?

బుధవారం తెల్లారి నాలుగున్నరకి ఫోన్.
కాసేపు ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు.
"వల ఇరవై రెండు మీటర్లకి దింపాను" అన్నాడు.
మళ్లీ ఇంజను.
"నా చేతులు గులాబీ."

వల పైఅంచు తెల్లన, కిందిఅంచు తెల్లన.
నడుమ మూరెడు మేర
ఎవరో స్కేలు పెట్టి గీసినంత తిన్నగా రంగు.
ఓటీలియా ఆ చేపల్ని సంతకు పంపలేదు.
పిల్లికి వేసింది. పిల్లి వాసన చూసి
తోక చుట్టుకుని కూర్చుంది.

రేవు మెట్ల మీద రెగులా వల కొలుస్తుంటే
మైన్‌రాడ్ సబ్బుతో అరచేతులు రుద్దుకుంటూ,
"మా నాన్న కూడా ఆ లోతుకే దింపేవాడు.
ఎందుకంటే, అక్కడ ఆగుతాయిరా, అనేవాడు."

"ఏవి?"

"చెప్పలేదు.
చేపలనుకున్నాను."