ఎనిమిది గడులు

ముప్పై ఒకటి రాత్రి. ఆరాధనకి ఇంకా మూడు గంటలుంది.
బయట పందిట్లో ఏసేబు మైకు సరిచేస్తున్నాడు
హలో, హలో అని గంజివారిపాలెం మొత్తాన్నీ పిలుస్తూ.
గుంటూరు మిషను ఆఫీసుకి
నాలుగో తారీఖులోగా చేరాలి ఈ కాగితం.
సెల్లులో ఫోటో తీసి పంపితే చాలన్నారు ఈ ఏడు.
గడులు మాత్రం మా అత్త బైబిలు స్త్రీగా
చెప్పుల్లేకుండా కాకుమాను దాకా నడిచిన నాటివే.

కుటుంబ దర్శనాలు: మూడు వందల పన్నెండు.
ఇది సులువు, డైరీలో గీతలున్నాయి.
గీతకీ గీతకీ బరువే ఒకటి కాదు.
గురవమ్మ ఒక్కసారీ నన్ను ముందుగా ప్రార్థన చెయ్యనివ్వలేదు,
దోసిట్లో మరమరాలు పోసి
"కూర్చోవే ముందు, కాళ్ళు లాగట్లా?" అంది.
ఎవరు ఎవరిని దర్శించినట్టు?

బాప్తిస్మాలు: ఒకటి.
రాసి, పెన్నుకి మూత పెట్టి, కాసేపు గోడకేసి చూశాను.
ఆదివారం చాపలు చాలక
ఎరువుల గోతాలు విప్పి పరుస్తాం.
లేచిపోయేటప్పుడు ఒక్కొక్కరూ చెవి దగ్గరికొచ్చి
"మునుగుతాం పిన్నీ, పుస్తకంలో ఎక్కించమాకు,
పిల్లోడి కాలేజీ సర్టిఫికెట్టు ఆగిపోద్ది."
నల్లమడ వాగు లెక్క వేరు, రిజిస్టరు లెక్క వేరు.
అబద్ధం రాయను. నిజం రాసే ధైర్యమూ లేదు.
ఒకటి.

కానుకలు, కరపత్రాలు, సండే స్కూలు పిల్లలు...
అవన్నీ నింపేశాను.

పున్నారావుని ఎక్కడ రాయాలో తెలీలేదు.
మన మనిషి కాదు. రెండెకరాలు కౌలు, మొత్తం మిరప,
నల్ల తామర పురుగు పూత పూతంతా తినేసిన జనవరిలో
రాత్రి పదింటప్పుడు వచ్చి గుమ్మంలో నిలబడి
"మీ దేవుడికి మిరపతోట సంగతి తెలుసా?" అన్నాడు.
తెలీదన్నాను. అడుగుతానన్నాను.
నవ్వాడో ఏమో, చీకట్లో కనపడలా.
పోతూ పోతూ చేతిసంచి నా గడపలోనే వదిలేశాడు.
సంచిలో మూత తియ్యని పురుగుమందు డబ్బా.
ఇవాళ్టికీ నా మంచం కిందే ఉంది.
అతను గుడికి రాలా, రమ్మని నేనూ అనలా.
మొన్న తొలి కోతని గుప్పెడు పండుమిరపకాయలు పంపాడు.
నూరితే రెండు రోజులు చేతులు మండాయి.

ఇక స్వస్థతలు.
కెజియాకి ఆగస్టులో జ్వరం.
"ఈ ఒక్క రాత్రి ప్రార్థనలో పెడదాం" అన్నది నేనే.
తెల్లారి పిల్ల మెడ వంచలేకపోతే
నూటెనిమిది బండిలో గుంటూరు పెద్దాసుపత్రికి.
ఇరవై రెండు రోజులు.
డాక్టరమ్మ కోప్పడలేదు,
"ఒక్కరోజు ముందు తేవాల్సిందమ్మా" అంది,
కసురుకున్నా బాగుండేది.
పిల్ల బతికింది. ఎడమ చెవి పోయింది.
"దేవుడు నా బిడ్డని తిరిగిచ్చాడు" అని
వాళ్ళమ్మ సాక్ష్యం చెప్పిన ప్రతిసారీ
నేను గోతం మీద అక్షరాలు చదువుతుంటాను, యూరియా, నలభై ఐదు కిలోలు.

ఆ గడి ఖాళీగానే ఉంది.

వాగ్దానం కార్డులు విడదీయడానికి
కెజియా ఇప్పుడే వచ్చింది, కొత్త గౌను, తలకి తడి.
విజయవాడలో అచ్చయిన కార్డులు, అంచులు ఇంకా అతుక్కునే ఉన్నాయి.
రిపోర్టు కాగితాన్ని స్టీలు పళ్ళెం కింద పెట్టేశాను.
ఒక కార్డు తీసి "ఇదెవరికొస్తది?" అంది.
"ఎవరు తీస్తే వాళ్ళకి."
"అయితే నాకే. చదువు."
ఏదో చదవబోయాను. "ఉండు" అని
నా కుడిపక్క నుంచి లేచి
ఎడమపక్కకి వచ్చి కూర్చుంది,
వినపడే చెవి నా వైపు పెట్టి.