నీళ్లొదులుకున్నవి

కూవం ఒడ్డున సెంటు దుకాణం పెడతానంటే
చింతాద్రిపేటంతా ముక్కు మూసుకుని నవ్వింది.
మంజువాణి పట్టించుకోలేదు. మేడ మీద రెండు గదులు,
మట్టికుండలు పద్నాలుగు, ఒక చిన్న తూనిక,
నెలకు మూడుసార్లు వచ్చి లెక్కలు రాయడానికి నేను.

పెచ్చబురిలో ఓ ముసలామె దగ్గర
ఆరేళ్లు పని నేర్చుకుని వచ్చింది.
నీళ్లకు పొగ పట్టించడం ఆమె విద్య:
కుండలో సగం నీళ్లు, పైన తేలే గిన్నె,
గిన్నెలో వెలిగించి ఆర్పిన మైనపు వత్తి,
మూత.
తెల్లారేసరికి నీళ్లకు ఆ పొగ జ్ఞాపకం ఉంటుంది.
"దీన్ని ఏ పద్దు కింద రాయను?" అన్నాను.
"పొగ అనే రాయండి శేషాచలం గారూ."
రాశాను. పొగ, నలభై రూపాయలు.

సీసాలన్నిటికీ అక్కడి కథలే.
హిమవంతంలో ఓ చెట్టుకు అమ్మాయిలు కాస్తారట,
ఏడు రోజులకు వాడిపోతారట. అదొకటి.
అరటిబోదెలో కాపురముండే ఆకుపచ్చ చీర ఆవిడ ఒకటి,
మూత తీస్తే అప్పుడే ఒలిచిన దవ్వ వాసన.
దేవగన్నేరు ఒకటి. దాని పాత పేరు అక్కడ
దుఃఖమనే మాటకు దగ్గరగా పలుకుతుందని
ఇళ్లలో నాటేవారు కాదట, పేరు మార్చాక నాటారట.
ఈ ఊళ్లో అప్పు ఎగ్గొట్టినవాళ్లే
పేరు మార్చుకుని తిరుగుతున్నారు,
పువ్వుదేం తప్పు?

తొమ్మిదో సీసా ధరణి.
వాళ్లు థోరని అంటారట. మన మాటే,
సముద్రం దాటి యాస తెచ్చుకుంది.
మారుడు సైన్యంతో వచ్చి
నీ దానాలకు సాక్షి ఎవరని స్వామిని అడిగితే
నేల చీల్చుకుని ఆవిడ లేచిందట.
ధారపోసిన ప్రతిసారీ మట్టిలో పడ్డ నీళ్లు,
ఎన్ని జన్మలవో, ఆవిడ జుట్టులోనే ఉన్నాయట.
జుట్టు పిండింది.
ఏనుగులతో సహా కొట్టుకుపోయారు.

ఇది చెప్పి మంజువాణి వత్తి వెలిగించడానికి వెళ్లింది.
నేను కలం పట్టుకుని అలాగే ఉండిపోయాను.

ముప్పై ఏళ్లుగా అందరి పుస్తకాల్లో నేను రాసే పద్దు ఒకటుంది:
రాని బాకీలు. నోటిమాటగా, నీళ్లొదులుకున్నవి.
ఆ డిసెంబరులో కూవం మా వీధిలోకి
ఎవరూ పిలవకుండానే వచ్చి, మంచం కోళ్లెక్కి,
బీరువా కింది అరలో మూడు రోజులు కూర్చుంది.
పోయినవాటి జాబితా సర్కారుకు రాసిచ్చాను:
మిక్సీ, బియ్యం, పరుపు.
రాయనిది, నాగరత్నం పాల లెక్క పుస్తకం.
పెన్సిలుతో రాసేది. అర లీటరుకు ఒక గీత,
తను పోయే ముందు వారం వరకూ.
ముద్దయి చేతికొచ్చింది. దానికీ నీళ్లొదిలేశాను.

మంజువాణి తొమ్మిదో మూత తీసి మణికట్టు చాపమంది.
ముందు మల్లె, అది మర్యాదకు.
తర్వాత వట్టివేరు. ఆ తర్వాత
గంజి, కిరసనాయిలు, ఊరిన గోడ.
బాగా అడుగున, నానిన కాగితం.
దగ్గొచ్చినట్టు నటించాను.

అన్నా నగర్‌లో ఒకావిడ కొని
వారానికే తిప్పి పంపింది. బురద వాసనట.
డబ్బు వాపసిచ్చాం. సీసా నా బల్ల మీద పెట్టి
"దీన్నెక్కడ రాస్తారు?" అంది మంజువాణి.

వాపసుల్లో రాయాలి. పద్ధతి అంతే.
నిన్న సాయంత్రం దాకా ఏమీ రాయలేదు.
నాకు పిండడానికి జుట్టు కూడా లేదు,
ఉన్న నాలుగు వెంట్రుకలు
తువ్వాలుతో ఒకసారి అద్దితే ఆరిపోతాయి.
కిటికీ అవతల కూవం, ఎప్పటి కంపే,
ఎవరెవరివి ఏమేం మోసుకుపోతోందో.

చివరికి పెన్సిలు వెతికి
ఆ వరుసలో ఒక గీత గీశాను.
పక్కన, అర లీటరు.
ఆడిటరు అడుగుతాడు.
అడగనీ.