గొడుగు పట్టిన చెయ్యి

శుక్రవారం అసరు నమాజు అయినంక
సాల్మియా సముద్రపు కట్ట మింద పదకొండు మంది.
నన్ను లెక్కేసుకుంటే పన్నెండు.
నన్ను ఎవురూ లెక్కేసుకోల్యా, అదే మంచిది.
అకామా మింద బతికే దాన్ని,
పోలీసు లెక్కలోకొస్తే రాత్రికి రాత్రే ఇమానం ఎక్కిస్తారు.

ఇంటామెను ఈడ మామా అంటారు.
మా మామా ఉమ్ ఫవాజ్, డెబ్బై రెండేండ్లు,
బడిలో రసాయనాలు చెప్పి రిటైరైన మనిషి,
అట్టముక్క మింద నల్ల సిరాతో ఏందో రాసింది.
నాకు ఆ అచ్చరాలు రావు.
కుడి నుంచి ఎడమకు నడిచే చీమల బారు.
నేను గొడుగు పట్టుకున్న్యా, ఫ్లాస్కు పట్టుకున్న్యా,
ఆమె మోకాళ్ళ మాత్తర్ల డబ్బీ పట్టుకున్న్యా.
అట్ట మాత్రం పట్టుకోల్యా.

జపాను కొలిమి పగిలి పన్నెండేండ్లంట.
ఆ నీళ్ళు ఇప్పుడు సముద్రంలోకి ఇడుస్తాండారంట.
అంత దూరం నీళ్ళు ఈడికి రావు గానీ
ఈ నీళ్ళకు ఆవల గట్టున ఇంకో కొలిమి ఉందని,
అది పగిల్తే ఎట్లని ఆమె బాధ.
"మనం తాగేది ఈ సముద్రాన్నే ఉబులా" అనింది కారులో.
ఓబులమ్మ అనడానికి ఆమెకు నోరు తిరగదు.
నిజమే. ఈడ ఏరు లేదు, చెరువు లేదు.
ఉప్పునీళ్ళు కాంచి, ఉప్పు తీసి, కొళాయిలోకి ఇడుస్తారు.
పొద్దున నేను బియ్యం కడిగింది సముద్రంతోనే.

"పొగ లేదు, వాసన లేదు, కంటికి ఆనదు,
అందుకే జనం నమ్మరు" అని
కళ్ళద్దాల పిలగాడికెవురికో చెప్తాంది మామా.
నాకు నవ్వొచ్చింది. గొడుగు కొంచెం ఊగింది.

మా ఊరి పక్కన రాయి తవ్వుతారు,
కొలిమి తినే రాయి.
పిండి చేసి, రసం తీసుకొని,
పిప్పిని చెరువంత గుంటలో పోస్తారు.
మా చెల్లెలు వీడియో కాల్లో బోరునీళ్ళు చూపిచ్చింది:
తపేలా అంచున సున్నం మాదిరి చారిక.
అరిటాకులు అంచుల నుంచి మాడుకుంటా వస్తాండాయి.
ఎనుము రెండుసార్లు ఈసుకపోయింది.
కలెక్టరాఫీసు కాడ ఆడోళ్ళంతా కూర్చుంటే
బాటిళ్ళలో నీళ్ళు పట్టకపోయినారు, పరీచ్చకంట.
ఆ బాటిళ్ళు యాడికి పోయినాయో బాటిళ్ళకే తెల్సు.

అవి తాగలేకనే,
క్యాన్ నీళ్ళు కొనే దుడ్ల కోసరమే
నేనీడ సముద్రం తాగేది.

జీపొచ్చింది. పోలీసు పిలగాడు దిగి
మర్యాదగా పేర్లు రాసుకుంటాండాడు.
మామా చెయ్యి వణికింది. బయం కాదు, కీళ్ళనొప్పి.
అట్ట జారింది.
గాలికి నీళ్ళ పక్కకు పోతాంటే
కాలుతో తొక్కి పట్టి, వంగి తీసినా.
తీసి ఇచ్చేయాల.
ఎంతసేపు ఇయ్యకుండా నిలబడినానో తెల్దు.
ఉడుకు అట్ట. నల్ల సిరా ఏలికి అంటుకున్న్యాది.

"నువ్వేంది ఈడ?" అని అరబ్బీలో అడిగినాడు.
నాకు వచ్చింది వంటింటి అరబ్బీ.
ఉప్పు, బియ్యం, తొందరగా, అయిపోయింది.
"మాయ్" అన్న్యా.
నీళ్ళు.

దాహమనుకున్న్యాడు పాపం.
జీపులోంచి సీసా తెచ్చి ఇచ్చినాడు.
సల్లగుండాది.
మూత తీయకుండా
ఇంటిదాంకా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న్యా.