బదనిక

పిందెలు రాలే ఎండ. బంగారుపాళ్యెం అవతలి తోపులో
మామిడాకులన్నీ సొమ్మసిల్లి వేలాడతా ఉంటే
ఒక్క కొమ్మ మాత్రం ముదురు పచ్చగా.
గుత్తకి మాట్లాడను వచ్చిన మండీ ఆయన
కారు దిగకుండానే అన్నాడు:
"ఈ చెట్టు బలంగా ఉండాదే."

చెంగల్రాయప్ప నోరు మెదపలేదు.
తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకుని
కొడవలి నడుంలో దోపి ఎక్కినాడు.

నీళ్లు చెట్టువి. ఎండొక్కటే దాని సొంతం.
పట్టిన చోట కొమ్మ వాచి
మోకాలి చిప్పంత బుడిపె.
దాని అవతలి రెమ్మలు మూడేళ్లుగా పూత ఎరగవు,
తాకితే చిటుక్కుమంటున్నాయి.

"పీకేస్తే పోదా?" కిందనించి నేను.
"యాడ పీకేది మేయ్?
ఇది యాడ ఆగిందో
చెట్టు యాడ మొదలైందో
చెయ్యి పెట్టి చూసినా తెలీదు."

జానెడు ఇవతలికి జరిగి
మంచి కొమ్మ మీదే వేటేసినాడు.
సొన వాసన.
నేను తల తిప్పుకున్నా.

కింద పడ్డదానికి మేకలు అప్పుడే చేరినాయి.
నారింజ గొట్టాల పూలు వెతుక్కుంటా
బొటనవేలంత పిట్ట ఒకటి
ఖాళీ గాలి చుట్టూ తిరిగింది.

దిగినాక ఆయన ముంజేతి మీద ఒక గింజ, బంకబంకగా.
గీకితే గోటికంటింది,
పంచెకి తుడిస్తే వేలికొచ్చింది.
"నాలో నీళ్లు యాడుండాయే నీకు!"
నవ్వి, బండకి రాసేసినాడు.

మూడోనాడు పోయి చూసినా.
ఆవగింజంత పచ్చ నాలిక చాపి
అది రాతిని తడుముతా ఉంది.