ఒకటి కాదు, రెండు కాదు

మనుషుల్ని లెక్కపెట్టకూడదంటాడు సాలీ ఫైన్‌బర్గ్.
పదిమంది కానిదే ప్రార్థనా మొదలవదు.
అందుకని గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ గడ్డం ఊపుతూ
"ఒకటి కాదు, రెండు కాదు, మూడు కాదు" అంటాడు.
మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వాగలేదు.
మా నాన్న కుంచంతో వడ్లు కొలిచేటప్పుడు
ఒకటి అనేవాడు కాదు.
లాభం, రెండు, మూడు...

బల్లారట్‌లో, ఎర్ర ఇటుకల ఆ చిన్న సినగాగ్‌కి
రెండ్రోజులు గిన్నెలు కడిగిపెట్టడానికి వచ్చాను.
పదకొండేళ్లయింది.
పాలకి నీలం గిన్నెలు, మాంసానికి ఎర్రవి.
ఎవరూ నాకు రెండోసారి చెప్పలేదు.
మడి అంటే ఏమిటో మా నాయనమ్మ
తడిచీరతో నేర్పి పోయింది.

వంటింటి గోడ మీద వాళ్ల క్యాలెండరు.
నెలలు చంద్రుడివే, అధిక మాసంతో సహా.
కానీ ఈ దేశంలో చందమామలో కుందేలు
తలకిందులుగా వేలాడుతుంది.
రుతువులూ అంతే.

డిసెంబరు దీపాల పండక్కి రాత్రి తొమ్మిదైనా పొద్దు పోదు.
చీకటి కోసం చూసి చూసి పిల్లలు నిద్రపోతారు,
మూతికి పంచదార అంటుకుని ఉండగానే.
వేడికి కొవ్వొత్తులు నడుం వంచుతాయి
ఎవరికో దణ్ణం పెడుతున్నట్టు.

పస్కా రాత్రి "ఇది వసంతం" అని చదువుతుంటే
కిటికీ అవతల ఆకులు రాలుతుంటాయి.
ముందురోజు కొవ్వొత్తి పట్టుకుని
పులిసిన రొట్టె తునకల కోసం మూలమూలా వెతుకుతారు.
తునకలు ఊడ్చే గులాబీరంగు ఈక
సరస్సు గట్టున నాకే దొరికింది.

జూన్‌లో ఒక రాత్రంతా మేలుకుని చదువుతారు.
మన శివరాత్రి జాగారమే, చీజ్ కేకు అదనం.
హీటరు పక్క కుర్చీ కోసం ఇలోనా వైస్, ఆమె చెల్లెలు
పోట్లాడుకుంటారు. ఇద్దరికీ ఎనభై దాటాయి.

ఆ ఇలోనానే చలికాలం నడిమధ్య
కాలిపోయిన గుడి కోసం నేల మీద కూర్చునే రాత్రి
నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చింది.
రెండువేల ఏళ్ల నాటి గుడి.
దాని కోసమేనా అని నేను అడగలేదు.

కొత్త సంవత్సరం ముందు
పెరట్లో పొట్టేలు కొమ్ము ఊదడం సాధన చేస్తున్న రూవెన్‌ని
మాగ్‌పై పిట్ట నెత్తిన పొడిచింది.
ఆ ఏడాది ఊరంతా విన్న మొదటి స్వరం అదే.
తర్వాత క్షమాపణల వారం.
లయొనెల్ పెర్ల్‌మన్ వంటింట్లోకొచ్చి
"ఆ గాజుపళ్లెం పగలగొట్టింది పిల్లలు కాదు, నేను" అన్నాడు.
నాకు తెలుసన్నాను.
నీకు తెలుసని తెలుసు, అందుకే నిద్రపట్టలేదన్నాడు.

పర్ణశాలల పండక్కి యూకలిప్టస్ కొమ్మలు కప్పుతారు.
సందుల్లోంచి చుక్కలు కనపడాలట.
ఇక్కడ చుక్కలకంటే ముందు చినుకులొస్తాయి,
తిన్నకొద్దీ సూప్ పెరుగుతుంది.
చివర్లో వాన కోసం ప్రార్థన.
ఎక్కడో ఆ నేలకి వానాకాలం, ఇక్కడ మనకి ఎండాకాలం,
ఏ వాన అడుగుతున్నారని అడిగాను.
గొర్రెలు మేపే బ్రోజాక్ అన్నాడు:
"వాన దగ్గర కూడా చిరునామా అడుగుతావా?"

ఆ మర్నాటి రాత్రి గ్రంథపు చుట్ట చివరి మాట చదివి
ఊపిరి తీసుకోకుండా మొదటి మాట ఎత్తుకోవాలి.
జోరున వాన. సాలీ లెక్క "తొమ్మిది కాదు" దగ్గర ఆగింది.
అందరూ తలుపు వైపు చూశారు.
తలుపు పక్కన నేను, చేతిలో తడిగుడ్డ.
నేను లెక్కలోకి రాను.
అది ఎవరూ దాచలేదు, నేనూ నొచ్చుకోలేదు,
ఎప్పుడో ఒకసారి తప్ప.

రెండు వీధులవతల కారాపి
నడిచొచ్చినట్టు నటిస్తాడు లయొనెల్.
ఏ చెట్టు కిందో నాకొక్కదానికే తెలుసు.
చెప్పులతోనే పరిగెత్తి అద్దం మీద కొట్టాను,
క్రికెట్ వింటూ నిద్రపోయాడు మహానుభావుడు.
"పది కాదు!" అని సాలీ అరిచిన అరుపుకి
చుట్టలు బయటికొచ్చాయి, బల్లలు పక్కకి జరిగాయి.
ఇలోనా తన చేతికర్ర నాకిచ్చి
గుండ్రంగా తిరిగే వాళ్లలో కలిసిపోయింది.

అర్ధరాత్రి నీలం గిన్నెలు తుడిచి పేరుస్తుంటే
సాలీ వెనకాల నిలబడి విన్నాడు.
ఒకటికి ఏమన్నావ్?
చెప్పాను.

వచ్చే శనివారం గుమ్మంలో గడ్డం ఊపుతూ
"లాభం కాదు, రెండు కాదు" అని మొదలెట్టాడు.
అయ్యో, అలా అనకూడదు, కీడు అన్నాను.
మరి ఎలా అనాలి?
మా ఇద్దరికీ ఆ సంగతి ఇంకా తేలలేదు.